తొంభై పైసలు

ఫిషింగ్ హార్బరు గేటు దాటాక మూడో షెడ్డు మాది.
లోపల ఐసు, బయట ఉప్పు.
మధ్యలో నేనూ, కాలిక్యులేటరూ.

ఏఈ గారు మొన్న కుర్చీ అంచున కూచుని చెప్పారు:
"హెచ్‌టీకి మారిపోండమ్మా.
పదకొండు వేల వోల్టుల దగ్గరే కరెంటు తీసుకోండి,
ట్రాన్స్‌ఫార్మరు మీరే కొనుక్కోండి.
యూనిట్టుకి తొంభై పైసలు తగ్గుతాయి."
టీ తాగకుండానే లేచారు.
తొంభై పైసలు మాత్రం ఆ కుర్చీలోనే ఉండిపోయాయి.

విడిగా చూస్తే ఏముంది?
ఆ నాణేలిప్పుడు దేవుడి హుండీలో కూడా దొరకవు.
నెలకి ముప్పై వేల యూనిట్లు తాగే కంప్రెసరు పక్కన నిలబెడితే
ఇరవై ఏడు వేలు.
ఆ లెక్క తేలిన రాత్రి
చాలా రోజులకి నాకు నిద్ర తీపిగా పట్టింది.

పొద్దున్నే తెడ్డు పరశన్న వచ్చాడు,
పాతికేళ్లుగా మా మోటార్ల నాడి చూసేవాడు.
"కొనడం కాదమ్మా, సాకడం సూడండి.
నూనె సూసుకోవాల. బ్రీదరులో నీలం గుళికలుంటాయి,
గులాబీ రంగుకి తిరిగాయంటే తడి తాగేసినట్టు.
మన గాలికి ఎన్నాళ్లాగుతాయేటి?
బుషింగులు తుడవాల, ఎర్తు గోతిలో నీళ్లు పొయ్యాల.
అది కాలిపోతే మనదే కాలిపోద్ది."
బీడీ తీసి, వెలిగించకుండా
చెవి మీద పెట్టుకున్నాడు.

ఈ గాలి సంగతి నాకు తెలీదా.
కార్తీకంలో కొన్న సైకిలు చైను
మాఘానికి కమలాపండు రంగు.
హుద్‌హుద్ నాడు మా పైరేకులు యారాడ కొండ వైపు లేచి
ఎక్కడ దిగాయో ఇప్పటికీ తెలీదు.
ఆ రోజు వంగిన స్తంభం, పగిలిన డబ్బా, రెండూ డిపార్టుమెంటువి.
పన్నెండు రోజులు చీకట్లో కూచుని తిట్టాను.
పదమూడో రోజు వాళ్లే కొత్తది బిగించి వెళ్లారు.
డబ్బా నాదైతే
ఆ పన్నెండు రోజులూ ఎవర్ని తిట్టేదాన్ని?

రొయ్యల ప్లాంటు సత్తిరాజు గారు ఎప్పుడో మారిపోయారు.
"నాలుగేళ్లలో పెట్టుబడి వెనక్కొచ్చేసింది" అన్నారు.
"మరి అయిదో ఏడు?" అన్నాను.
మోగని ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచారు.

వేట నిషేధం ఇంకొకటి.
అరవై ఒక్క రోజులు బోట్లు
కట్టుతాళ్లకున్న గేదెల్లా జెట్టీకి ఒళ్లు రాసుకుంటాయి.
ఐసడిగేవాడు ఉండడు. కంప్రెసరు నోరు మూస్తుంది.
తాగని యూనిట్ల మీద తగ్గింపు ఎంత?
ట్రాన్స్‌ఫార్మరు మాత్రం ఊరుకోదు,
ఖాళీ ఉయ్యాలకి జోల పాడే మనిషిలా
రాత్రంతా మ్... మ్... అంటూనే ఉంటుంది.
ఇవాళ ఆ మూలుగు వాళ్ల ఖర్చు.
సంతకం పెట్టానంటే
ఆ జోలకి బిల్లు నా పేరున వస్తుంది.

నిన్న రాత్రి తొమ్మిదింటికి ఫ్యూజు పోయింది.
ఫోను చేస్తే, నలభై నిమిషాలకి
లైన్‌మన్ అప్పలకొండ నిచ్చెనతో దిగాడు.
"ఇక్కడ ఐసు నీళ్లయిపోతుంటే మీకు పండగేటి బావూ?" అని
గొంతు పోయేదాకా అరిచాను.
స్తంభం మీంచి పళ్లికిలించాడు.
కరెంటొచ్చింది. ఒళ్లంతా ఎంత తేలికైపోయిందో!
యూనిట్టుకి తొంభై పైసలు
దేనికి ఎక్కువ కడుతున్నానో
అప్పుడు తెలిసింది.

అయినా ఇరవై ఏడు వేలు ఇరవై ఏడు వేలే.

దరఖాస్తు బల్ల మీదే ఉంది.
ఉప్పుగాలికి మెత్తబడి పెన్ను పడటం లేదు.
పెన్సిలుతో పేరు రాశాను.
ఇంటిపేరు రాయలేదు ఇంకా.
బయట లారీ హారను కొడుతోంది,
తెల్లారేలోపు మూడు వందల దిమ్మలు ఎక్కించాలి.